ఆన్‌లైన్ పరీక్షకు కాపలా – 6వ పాఠం: సర్వర్‌కు కనబడే చిరునామా

ఈసారి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ (పరీక్ష సాగుతున్నంతసేపు కంప్యూటర్‌లో వేరే పనులు చేయనివ్వని ప్రోగ్రామ్) మొదలుపెడదామనుకున్నాం. చివర్లో కాస్త మొదలుపెడతాను. అంతకంటే ముందు తేల్చవలసిన సంగతి ఒకటుంది.

పోయిన పాఠంలో, ఆన్‌లైన్ కోర్సులూ పరీక్షలూ నడిపే మూడుల్ సాఫ్ట్‌వేర్ క్విజ్ సెట్టింగులలోని ‘రిక్వైర్ నెట్‌వర్క్ అడ్రస్’ గడి దగ్గర ఆగాం. అందులో రాసిన ఇంటర్నెట్ చిరునామా (ఐపీ అడ్రస్) నుంచి వచ్చినవారికే క్విజ్ తెరుచుకుంటుంది. ఆ గడి నింపి పరీక్ష పెట్టినవారిలో చాలామందికి ఒకే గతి పట్టింది. హాలులో బుద్ధిగా కూర్చున్న విద్యార్థులందరికీ ‘ఈ కంప్యూటర్ అనుమతించిన జాబితాలో లేదు’ అనే సందేశం వచ్చింది. కొందరు అప్పటికప్పుడు గడి ఖాళీ చేసి పరీక్ష నడిపించారు. ఆ సమయంలో చేయవలసింది అదే. పరీక్ష మొదలయ్యాక సెట్టింగులతో కుస్తీ పట్టకూడదు.

మీరు పంపిన సెట్టింగులు చూశాను. దాదాపు ప్రతి గడిలోనూ 192.168తో మొదలయ్యే అంకెలే. అవి ఎక్కడివో ఊహించడం కష్టం కాదు. హాలులో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ‘ఐపీకాన్ఫిగ్’ అనే ఆదేశం కొట్టి, తెర మీద కనబడినదాన్ని తెచ్చి అందులో పెట్టారు. అది ఆ కంప్యూటర్ తన గురించి తాను చెప్పుకునే చిరునామా. మూడుల్ పట్టించుకునేది దాన్ని కాదు, సర్వర్ దగ్గరికి ఏ చిరునామాతో వచ్చారన్నదాన్ని.

10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి – ఈ మూడు గుంపులూ లోపలి నెట్‌వర్కుల కోసం విడిగా ఉంచినవి. 1996 నాటి ప్రమాణం ఇది. ఎవరైనా, ఎక్కడైనా, ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. మీ హాలులో 192.168.1.5 ఉన్నట్టే మీ విద్యార్థి ఇంట్లోనూ ఉండవచ్చు. లోపలి కంప్యూటర్ ఇంటర్నెట్‌లోకి వెళ్లేటప్పుడు రౌటర్ ఆ చిరునామా తీసేసి తన బయటి చిరునామా తగిలించి పంపుతుంది. భవనంలో గది నంబరు ఏదైనా, ఉత్తరం మీద పడేది వీధి తలుపు నంబరే. హాలులో యాభై కంప్యూటర్లున్నా బయటి సర్వర్‌కు కనబడేది సాధారణంగా ఒక్క చిరునామా. ఉదాహరణకు 203.0.113.45 అనుకోండి.

మూడుల్ సర్వర్ మీ ప్రాంగణంలోనే, అదే లోపలి నెట్‌వర్కులో ఉంటే 192.168 పనిచేస్తుంది. మీలో కొద్దిమందికి ఇబ్బంది రాకపోవడానికి కారణం అదే. అద్దె సర్వర్ మీద నడుస్తుంటే పనిచేయదు.

‘నేను ముందే పరీక్షించి చూశాను, బాగానే తెరుచుకుంది’ అని కొందరు గట్టిగా వాదించారు. నాకు చిరాకు తెప్పించేది ఈ మాటే. ఉపాధ్యాయుడి ఖాతాతో ‘ప్రివ్యూ’ నొక్కితే ఈ నిబంధన మిమ్మల్ని ఆపదు. గడిలో ఏ అంకెలు రాసినా మీకు క్విజ్ తెరుచుకుంటుంది. అది పరీక్షించినట్టు కానే కాదు. పేరుకు ఒక విద్యార్థి ఖాతా తయారుచేసి కోర్సులో చేర్చి ఉంచుకోండి. నా ప్రతి కోర్సులోనూ అలాంటి ఉత్తుత్తి విద్యార్థి ఒకడుంటాడు. ఏ సెట్టింగు మార్చినా ముందు వాడి మీదే ప్రయోగం.

చిరునామా కనుక్కోవడానికి నేను ఏ వెబ్‌సైటునూ అడగను. గడి ఖాళీగా ఉంచి, హాలు కంప్యూటర్ నుంచి ఉత్తుత్తి విద్యార్థితో క్విజ్ తెరుస్తాను. తర్వాత నా ఖాతాతో కోర్సు రిపోర్టులలోని ‘లాగ్స్’ (ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో రాసి ఉంచే పట్టిక) చూస్తాను. వాడి పేరున్న వరుసలో ‘ఐపీ అడ్రస్’ కింద ఏముందో అదే గడిలోకి. సర్వర్ తాను చూసినదాన్నే అక్కడ రాస్తుంది కనుక ఊహకు చోటులేదు.

లాగ్‌లో మూడు వింతలు కనబడవచ్చు. ఒకే హాలు నుంచి రెండు వేర్వేరు చిరునామాలు వస్తే మీ సంస్థకు రెండు ఇంటర్నెట్ లైన్లు ఉండి ఉండవచ్చు. రెండూ కామా పెట్టి రాయండి. ఒకటే రాశారంటే, లైను మారినప్పుడు సగం పరీక్ష రాసిన విద్యార్థి కూడా తర్వాతి పేజీకి వెళ్లలేడు. నిబంధన మొదట్లోనే కాక మధ్యలోనూ వర్తిస్తుంది. అంకెలూ అక్షరాలూ కోలన్లూ కలిసిన పొడవాటి చిరునామా వస్తే అది ఐపీవీ6, అంటే కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామా. దాన్నీ చేర్చాలి. ఇక హాలులోని వాడికీ ఇంట్లోని వాడికీ అచ్చంగా ఒకే చిరునామా కనబడుతోందంటే, సర్వర్ ముందు ప్రాక్సీ (అందరి తరఫునా సర్వర్‌తో మాట్లాడే మధ్యవర్తి యంత్రం) ఉన్నదని అనుమానించాలి. అది సైటు నిర్వాహకుడు సరిచేయవలసిన విషయం. అప్పటిదాకా ఈ గడి మీకు పనికిరాదు.

బయటి చిరునామా శాశ్వతం అనుకోకండి. మామూలు కనెక్షన్లలో రౌటర్ ఆపి పెడితే మారవచ్చు. పరీక్ష రోజు ఉదయం లాగ్ మళ్లీ చూడండి.

ఇంత చేసినా హాలు బయట వరండాలో నిలబడి, అదే వైఫై మీద రాసేవాడిని చిరునామా ఆపలేదు. వాడిని ఆపడానికి క్విజ్ సెట్టింగులలో ‘రిక్వైర్ పాస్‌వర్డ్’ గడి ఉంది. పాస్‌వర్డ్ బోర్డు మీదే రాయండి, ముందుగా ఎవరికీ పంపవద్దు. అందరూ మొదలుపెట్టాక, పదినిమిషాలకు మార్చేయండి. లోపలున్నవారిని మూడుల్ మళ్లీ అడగదు. కంప్యూటర్ చెడి వేరేదానికి మారినవాడిని మాత్రం అడుగుతుంది. కొత్త పాస్‌వర్డ్ పర్యవేక్షకుడి జేబులో ఉండాలి.

ఇప్పుడు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో తయారైంది. మూడుల్ 3.9 నుంచి క్విజ్ సెట్టింగులలోనే దీనికి ప్రత్యేక భాగం ఉంది. విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లలో నడుస్తుంది, ఆండ్రాయిడ్‌లో నడవదు. విద్యార్థులు ఫోన్లలో రాసే పరీక్షకు దీన్ని తప్పనిసరి చేయకండి. ‘కాన్ఫిగర్ మాన్యువల్లీ’ ఎంచుకుని, బయటికి రావడానికి క్విట్ పాస్‌వర్డ్ పెట్టండి. అది క్విజ్ పాస్‌వర్డ్ కాకూడదు. మిగతా వివరాలు 7వ పాఠంలో. ‘బ్రౌజర్ సెక్యూరిటీ’లోని పాప్‌అప్ కిటికీని మాత్రం నేను వాడను. ఆల్ట్, ట్యాబ్ నొక్కితే పక్క కిటికీ వచ్చేస్తుంది.

అభ్యాసం: మూడు ప్రశ్నల క్విజ్ ఒకటి తయారుచేసి, చిరునామా గడి ఖాళీగా ఉంచండి. ఉత్తుత్తి విద్యార్థితో నాలుగు చోట్ల నుంచి తెరవండి: హాలు కంప్యూటర్, అదే కంప్యూటర్‌కు ఫోను హాట్‌స్పాట్ కలిపి, వరండాలో వైఫై మీద, రౌటర్ ఆపి పెట్టాక మళ్లీ హాలు కంప్యూటర్. ప్రతిసారీ తెరవకముందే, లాగ్‌లో ఏ చిరునామా వస్తుందో కాగితం మీద రాయండి. తర్వాత పోల్చండి. రాసినదీ వచ్చినదీ కలవని ప్రతిచోటా కారణం ఒక వాక్యంలో రాయాలి. ఇప్పుడు గడి నింపి నాలుగు చోట్లా మళ్లీ ప్రయత్నించండి. హాట్‌స్పాట్ మీద తెరుచుకుంటే గడిలో ఏదో తప్పుంది. వరండాలో తెరుచుకోవడం మామూలే. అక్కడ పాస్‌వర్డ్ మార్చే పద్ధతిని ప్రయత్నించి, ఏ నిమిషంలో మార్చారో, ఆ తర్వాత ఎవరు లోపలికి రాగలిగారో లాగ్ చూసి రాయండి. 7వ పాఠానికి ముందు ఆ కాగితం నాకు కావాలి.