బై ఎక్కడ, టిల్ ఎక్కడ: ముందు తెలుగులో అనుకుని చూడండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ మెయిల్ రాశాను, "ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫ్రైడే" అని. నా ఉద్దేశం శుక్రవారానికల్లా పంపిస్తానని. అవతల ఉన్న అమెరికా ఆయన మర్యాదగానే అడిగాడు, ఒక్క రిపోర్టు చాలు కదా, రోజూ పంపడం ఎందుకని. ఆయన ఏమంటున్నాడో నాకు తట్టడానికి మధ్యాహ్నం అయింది. టిల్ అంటే దాకా. శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానని రాశానన్నమాట! అక్కడ పడాల్సింది బై.

ఈ తికమక నాకొక్కడికే కాదు, చాలామందికి ఉంది. బడిలో బై అంటే 'చేత' అని చెప్పి వదిలేశారు. రామునిచేత రావణుడు చంపబడెను, రావణ వాజ్ కిల్డ్ బై రామ, అక్కడితో పాఠం అయిపోయింది. ఇంట్లో ఎవరైనా 'నాచేత అన్నం తినబడింది' అంటారా? అనరు కాబట్టి ఆ 'చేత' పరీక్ష దాకా వచ్చి ఆగిపోయింది, రోజూ పనికొచ్చే బై మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను ఇప్పటికీ చేసే పని ఒకటే. వాక్యం ముందు తెలుగులో అనుకుంటాను. అందులో కల్లా, నాటికి, సరికి, ఈపాటికి, వీటిలో ఏదొచ్చినా ఇంగ్లీషులో బై పెట్టేస్తాను. దాకా వస్తే టిల్. సాయంత్రానికల్లా ఇంటికి రా అంటే "కమ్ హోమ్ బై ఈవినింగ్", సాయంత్రం దాకా ఆడుకో అంటే "ప్లే టిల్ ఈవినింగ్". 2030 నాటికి అంటే "బై 2030". ఈపాటికి చేరి ఉంటాడు అంటే "హి మస్ట్ హావ్ రీచ్డ్ బై నౌ". నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది అంటే "బై ద టైమ్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రైన్ హాడ్ లెఫ్ట్", ఇక్కడ ఆ హాడ్ మింగేయకండి, రైలు ముందే పోయిందని చెప్పేది అదే.

లోపు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. శుక్రవారం లోపు అంటే బై ఫ్రైడే, సరే. కానీ రెండు రోజుల్లోపు అంటే "బై టూ డేస్" కాదు, "వితిన్ టూ డేస్". తేదీకో గంటకో బై, ఇన్ని రోజులు ఇన్ని గంటలు అని లెక్క చెప్తే వితిన్. ఇంకోటి, బిఫోర్ ఫ్రైడే అంటే గురువారంతో గడువు అయిపోయినట్టే, బై ఫ్రైడే అంటే శుక్రవారం కూడా ఉన్నట్టు. ఫీజు కట్టే చోట ఈ ఒక్కరోజు తేడాకే ఫైన్ పడుతుంది. ఆఫీసు మెయిల్లో అయితే నేను గంట కూడా వేసేస్తాను, "బై 5 పీఎం ఆన్ ఫ్రైడే" అని, లేకపోతే శుక్రవారం పొద్దున్నే ఫోన్ మొదలవుతుంది.

జీతాల దగ్గర పొరపాటు చేస్తే ఇంకా నవ్వుల పాలు. 30 వేల జీతం 5 వేలు పెరిగితే "ఇంక్రీజ్డ్ బై 5 థౌజండ్". "ఇంక్రీజ్డ్ టు 35 థౌజండ్" అన్నా సరే. ఈ బై, టు అటూ ఇటూ అయితే మీ జీతం 5 వేలే అనుకుంటారు. క్రికెట్లో 6 వికెట్ల తేడాతో గెలిచారు అంటాం చూడండి, "వన్ బై సిక్స్ వికెట్స్", ఆ 'తేడాతో' అన్నదే ఇక్కడ బై.

అసలు మనం రోజూ బై అనే మాట వాడుతూనే ఉన్నాం. 30 బై 40 ప్లాటు అంటాం, వన్ బై టూ చాయ్ చెప్తాం. మొదటిది గుణకారం, 1200 చదరపు అడుగులు, అంటే సుమారు 133 గజాలు. రెండోది భాగహారం, ఒక చాయ్ ఇద్దరికి. ఇంగ్లీషులో మల్టిప్లైడ్ బై, డివైడెడ్ బై రెండూ ఉన్నాయి కదా. అయితే త్రీ బై ఫోర్ అని అమెరికాలో అంటే కొలత చెప్తున్నారనుకోవచ్చు, అక్కడ ముప్పావుని త్రీ క్వార్టర్స్ అనో త్రీ ఓవర్ ఫోర్ అనో అంటారు.

ప్రయాణాల సంగతి చిన్నదే. బై బస్, బై ట్రైన్, మధ్యలో ఏమీ పెట్టకూడదు. "బై మై కార్" తప్పు, "ఇన్ మై కార్" అనాలి. "బై వాక్" అన్నది మన దగ్గర తప్ప బయట చెల్లదు, "ఐ వాక్డ్" అంటే సరిపోయే.

బైకి పాత అర్థం 'పక్కన' అని. బై ద విండో అంటే కిటికీ పక్కన. బైపాస్ రోడ్డు ఊరి పక్కనుంచి పోతుంది, గుండెకి చేసే బైపాస్‌లో కూడా మూసుకుపోయిన రక్తనాళం పక్కనుంచి రక్తానికి ఇంకో దారి వేస్తారు. వెళ్ళేటప్పుడు చెప్పే బై బైకి మాత్రం దీనితో చుట్టరికం లేదు, అది 'దేవుడు నీకు తోడుండుగాక' అనే పాత ఇంగ్లీషు దీవెన అరిగి అరిగి మిగిలిన ముక్క, స్పెల్లింగ్‌లో చివర ఇంకో అక్షరం ఉంటుంది.

ఇక బైహార్ట్. "ఐ బైహార్టెడ్ ఇట్" అని ఇంటర్వ్యూలో అనకండి, "ఐ లర్న్‌డ్ ఇట్ బై హార్ట్" అనండి. ఇంట్లో పిల్లల్ని కసిరేటప్పుడు మాత్రం పాతదే వాడుకోవచ్చు, ఎక్కం బైహార్ట్ అయిందా లేదా అని.