ఊరి చందాతో ఎలక్షన్ కొట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మన దగ్గర ఎలక్షన్ వచ్చిందంటే పైసలు లీడర్ దగ్గర్నుంచి ఊళ్లోకి రావాలనే అలవాటు ముదిరిపోయింది. 2022లో మునుగోడు ఉప ఎన్నికను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే మామూలు ఇంట్లోంచి ఎవరైనా ఎమ్మెల్యేకు నిలబడతానంటే ఊళ్లో అడిగే మొదటి ప్రశ్న "పైసలున్నయా మరి?" అనే. లేవని ధైర్యంగా చెప్పొచ్చు. కావాల్సినంత ఊళ్ల నుంచే జమ చేసుకోవచ్చు. అది ఎట్లా చేయాలో, చట్టానికి దొరక్కుండా కాదు, చట్టం ప్రకారమే ఎట్లా చేయాలో రాస్తున్నా. ఏ పార్టీ వాళ్లకైనా పనికొస్తుంది కానీ నేను ఎక్కువగా ఇండిపెండెంట్లను, చిన్న పార్టీల వాళ్లను మనసులో పెట్టుకున్నా.

ముందుగా టీమ్ అంతా ఒక మాట మీదికి రావాలి. సాయంత్రం కూర్చున్నప్పుడు "ఇవాళ ఎంత వచ్చింది" అని అడగొద్దు, "ఇవాళ ఎంతమంది ఇచ్చారు, ఏ ఊళ్లో ఇచ్చారు" అని అడగండి. ఒక్క క్రషర్ ఓనర్ రెండు లక్షలు ఇస్తే మీకు దొరికేది ఒక్క ఓటు, గెలిచాక ఒక పెద్ద తలనొప్పి. అదే రెండు లక్షలు రెండు వేల మంది తలా వంద చొప్పున ఇస్తే ఆ రెండు వేల మంది చాయ్ హోటల్లో, కల్లు కాంపౌండ్‌లో, పత్తి ఏరే చేన్లో మీ క్యాండిడేట్ గురించి మాట్లాడతారు, ఎందుకంటే వాళ్ల పైసలు అందులో ఉన్నాయి. ఓటుకు పైసలు తీసుకున్న మనిషి ఆ పూటతో మర్చిపోతాడు. ఇచ్చిన మనిషి ఫలితం వచ్చేదాకా మీ వెంట ఉంటాడు.

ఇది మన జిల్లాలకు కొత్త సంగతేం కాదు. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి దేశంలోనే అందరికన్నా ఎక్కువ ఓట్లతో, నెహ్రూకన్నా ఎక్కువతో లోక్‌సభకు పోయింది డబ్బు సంచులతో కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినిపించాలని జల సాధన సమితి పిలుపునిస్తే నల్లగొండ లోక్‌సభకు ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. అప్పుడు లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ పెంచారు, ఇండిపెండెంట్‌ను పది మంది ప్రతిపాదించాలని పెట్టారు. ఇప్పుడు అసెంబ్లీకి డిపాజిట్ 10,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000.

ఆ పది మంది సంతకాల దగ్గరే పని మొదలుపెట్టండి. చాలామంది ఇంట్లోవాళ్లతో, దోస్తులతో ఒకే ఊళ్లో పది సంతకాలు పెట్టించి చేతులు దులుపుకుంటారు. అట్లా చేయకండి. మండలానికి ఒకరిద్దరు చొప్పున వెతకండి. ఒక తండా నుంచి, ఒక చేనేత వాడ నుంచి, ఒక బత్తాయి రైతు, ఒక ఆటో నడిపే తమ్ముడు, మహిళా సంఘంలో గట్టిగా మాట్లాడే ఒక అక్క, ఇట్లా. ప్రతి ఒక్కరూ ఆ నియోజకవర్గం ఓటరే అయి ఉండాలి. వాళ్ల ఓటరు లిస్టు పార్ట్ నంబరు, సీరియల్ నంబరు నామినేషన్‌లో తప్పు పడితే స్క్రూటినీలో, అంటే నామినేషన్లు పరిశీలించే రోజు, టెన్షన్ తప్పదు. వేలిముద్ర వేసేవాళ్లయితే రిటర్నింగ్ ఆఫీసర్ ముందో, ఆయన చెప్పిన అధికారి ముందో వేయాలి, ఇంటి దగ్గర వేయించి తెస్తే చెల్లదు. డిపాజిట్ పైసలు కూడా వీళ్ల ఊళ్ల నుంచే పది పది రూపాయలుగా తెమ్మనండి. మొదటి చందా అదే అయితే బాగుంటుంది, అడగడానికి సిగ్గు కూడా అక్కడే పోతుంది.

చందా అడిగేముందు బ్యాంకు అకౌంట్ తెరవాలి. ఎన్నికల ఖర్చు కోసమే విడిగా అకౌంట్ ఉండాలి, నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు తెరవాలి అన్నది ఎన్నికల సంఘం నిబంధన. మీరు షెడ్యూల్ రాగానే తెరవండి. అభ్యర్థి ఒక్కడి పేరు మీద ఉండొచ్చు, లేదా అభ్యర్థీ ఎన్నికల ఏజెంటూ కలిసి తెరవొచ్చు. భార్య పేరో తమ్ముడి పేరో కలిపి తెరిస్తే కుదరదు, వాళ్లే ఏజెంట్ అయితే తప్ప. పోస్టాఫీసులో అయినా, సహకార బ్యాంకులో అయినా పర్వాలేదు. ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ కోడ్ ఈ అకౌంట్‌కే కలపాలి. కార్యకర్తల సొంత నంబర్లకు కొట్టించుకున్నారో, లెక్క చిక్కుపడుతుంది, అనుమానాలు మొదలవుతాయి, మంచి పిల్లల మీద నింద పడుతుంది. నగదుగా వచ్చింది కూడా ముందు అకౌంట్లో వేసి, తర్వాతే తీసి ఖర్చు పెట్టాలి. ఒక మనిషి దగ్గర ఎన్నిక మొత్తంలో 10,000 దాటి నగదు తీసుకోవద్దు, ఎవరికైనా ఇచ్చేది 10,000 దాటుతుంటే అదీ చెక్కు రూపంలోనో ఆన్‌లైన్‌లోనో ఇవ్వాలి. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు బండిలో 50,000 దాటిన నగదుతో తిరిగితే చెకింగ్‌లో పోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే బ్యాంకులో పడాలి.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ల సంగతి జాగ్రత్త. మన పిల్లలు అమెరికాలో, దుబాయ్‌లో ఉంటారు, ఊరి మీద ప్రేమతో పంపుతామంటారు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అది విదేశీ విరాళం కింద వస్తుంది, అభ్యర్థికి నిషేధం. ఇంకొకటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో మినహాయింపు వస్తుందని ఎవరికీ చెప్పకండి. అది పార్టీకి ఇచ్చిన విరాళానికి ఉన్న సౌకర్యం, నేరుగా అభ్యర్థికి ఇస్తే రాదు.

ఇక అడగడం. చాలామందికి కష్టమనిపించేది ఇదే. అడుక్కుంటున్నట్టు అనిపిస్తుంది. ఇద్దరిద్దరుగా పోండి, అందులో ఒకరు ఆ ఊరివాళ్లే అయి ఉండాలి, ఆడవాళ్లున్న ఇంటికి ఒక ఆడమనిషి ఉంటే మాట తొందరగా కలుస్తుంది. తండాల్లో లంబాడీ మాట వచ్చినవాళ్లు మాట్లాడాలి. ఎంత మంచి తెలుగులో చెప్పినా వాళ్ల భాషలో అడిగినట్టు ఉండదు. పొద్దున ఉపాధి హామీ పనికి, చేన్లకు పోయే టైమ్‌లో ఆపకండి, రాత్రి ఏడు దాటాక, బువ్వ తినేముందు పోండి. మాట ఇట్లా ఉంటే చాలు:

"అక్కా, మేం ఫలానా ఆయన తరఫున వచ్చినం. ఆయన దగ్గర పంచడానికి పైసల్లేవు, ఉన్నా పంచడు. మన కాలువకు నీళ్లెందుకు రావట్లేదని అసెంబ్లీలో అడగడానికి నిలబడ్డడు. కరపత్రాలకు, ఆటో డీజిల్‌కు ఖర్చయితది. నీకు చేతనైనంత ఇయ్యి, ఇరవై అయినా సరే. రసీదు రాసిస్తం."

అంతే, చెప్పి ఆగండి. మనవాళ్లలో చాలామంది ఆగలేరు, ఎదుటి మనిషి ఆలోచించుకునే లోపే "లేకుంటే పర్లేదు లే అక్కా" అని వాళ్లే కాదనిపించుకొని వస్తారు. ఆగితే ఆమె లోపలికి పోయి పోపు డబ్బాలోంచి నోటు తెస్తుంది, లేదా "మా ఆయన వచ్చినంక రా" అంటుంది, లేదా పెన్షన్ ఆగిపోతదేమోనని భయపడుతుంది. మూడోది వస్తే బలవంతం చేయొద్దు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. పైసలు వద్దు, ఓటు ఆలోచించు అని లేచి రండి. అట్లాంటి ఇంటికి రెండోసారి మాటామంతీకి పోవాలి, చందాకు కాదు.

సీజన్ కూడా చూసుకోవాలి. 2023లో పోలింగ్ నవంబర్ 30న పడింది, అంటే వానకాలం వడ్లు ఐకేపీ కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు పడి ఉండే రోజులు. వడ్లు కాంటా కాక, పైసలు అకౌంట్లో పడక రైతు ఎదురుచూస్తున్నప్పుడు చందా అడిగితే ఎవరికైనా మండుతుంది. అప్పుడు కల్లం దగ్గరికి పోయి మాట్లాడండి, పేరు రాసుకోండి, పైసలు పడ్డాక అడుగుతామని చెప్పి రండి. అంగడి రోజు మాత్రం వదలొద్దు. దేవరకొండ వైపు చూసినా, నారాయణపేట వైపు చూసినా వారానికో రోజు పది ఊళ్ల జనం ఒక్కచోటికి వస్తారు, చేతిలో అంతో ఇంతో పైసలుంటాయి. గుళ్లు, దర్గాలు, చర్చిల దగ్గర మాత్రం ప్రచారం కూడదు. కురుమూర్తి జాతరలో అంత జనం కనిపించినా గుడి దగ్గర డబ్బా పట్టుకొని నిలబడొద్దు.

పైసలు లేనివాళ్లు వేరే ఏదైనా ఇస్తామంటారు. ఒకరు ఆటో ఇస్తారు, ఒకరు మీటింగ్‌కు షామియానా, ఇంకొకరు ఇరవై మందికి అన్నం. తీసుకోండి, సంతోషంగా తీసుకోండి, కానీ ప్రతిదానికీ రేటు కట్టి ఖర్చులో రాయాలి. చాయ్ నుంచి కుర్చీ దాకా జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ఇస్తారు, దాని ప్రకారమే. ఆటోకైనా ముందే పర్మిషన్ తీసుకొని ఆ కాగితం అద్దం మీద అంటించాలి. అభిమానంతో ఎవరో మీకు చెప్పకుండా ఫ్లెక్సీ వేయిస్తే, అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఖర్చు పెట్టినందుకు వాళ్ల మీదే కేసు కావచ్చు. కరపత్రం మీద ప్రింటర్ పేరు, అచ్చు వేయించినవాళ్ల పేరు, అడ్రసులు తప్పకుండా ఉండాలి. అసెంబ్లీకి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఊరి చందాతో నడిచే మనిషి ఆ పరిమితి దగ్గరికి కూడా పోడు, కానీ లెక్క రాయకపోతే చిన్న ఖర్చుకే ఇరుక్కుంటాడు.

రసీదు బుక్కు గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే నమ్మకమంతా అక్కడే ఉంది. నంబర్లు అచ్చు వేసిన బుక్కులే వాడండి, ఒక్కో ఊరికి ఒక్కో బుక్కు. తేదీ, పేరు, ఊరు, ఎంత, నగదా ఫోన్‌పేనా, తీసుకున్నవాళ్ల సంతకం. రాయడంలో తప్పు పోతే చింపొద్దు, అడ్డంగా గీత కొట్టి "రద్దు" అని రాసి బుక్కులోనే ఉంచండి. రాత్రికి ఆ బుక్కు చూసి రిజిస్టర్ ఎక్కించాలి. ఎన్నికల సంఘం ఇచ్చే రిజిస్టర్‌లో మూడు భాగాలుంటాయి, తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. ప్రచార సమయంలో మూడుసార్లు తనిఖీకి తీసుకుపోవాలి. ఈ పని ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వకండి. రైస్ మిల్లులోనో ఎరువుల దుకాణంలోనో లెక్కలు రాసిన మనిషి ఒక్కరు దొరికితే చాలు, ఇంకెక్కడికీ తిప్పకుండా ఆ పనిలోనే కూర్చోబెట్టండి.

వారానికోసారి ఊరి వాట్సాప్ గ్రూపులో లెక్క పెట్టండి. ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఇంకా ఎంత ఉంది. పేర్లు పెట్టొద్దు. రసీదు నంబరు, మొత్తం పెడితే ఇచ్చినవాళ్లు తమది చూసుకుంటారు, వాళ్ల పేరు పక్క పార్టీ లీడర్ కంట పడదు.

ఫోన్‌లో వచ్చే అభిమానాన్ని చూసి పొంగిపోకండి. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుపడ్డ శిరీష ఇండిపెండెంట్‌గా విజిల్ గుర్తు మీద నిలబడితే రెండు తెలుగు రాష్ట్రాలూ ఆమె వైపు చూశాయి, ఎక్కడెక్కడి వాళ్లో పైసలు పంపారు, పుదుచ్చేరి మాజీ మంత్రి ఒకాయన లక్ష ఇచ్చాడు. ఓట్లు 5,700 పైచిలుకు పడ్డాయి. ఒక పేదింటి ఆడబిడ్డకు ఒంటరిగా అన్ని ఓట్లంటే చిన్న సంగతి కాదు, నాకు ఆమె మీద గౌరవమే. కానీ బయటి ఊరివాళ్లు చందా పంపగలరు, కొల్లాపూర్ బూత్‌లో ఓటు వేయలేరు. అందుకే చందా రిజిస్టర్‌ను బూత్‌ల వారీగా విడగొట్టండి. ఏ బూత్‌లో ఇచ్చినవాళ్లు పది మంది కూడా లేరో ఆ ఊరికి మర్నాడే పోవాలి. ఇచ్చినవాళ్లలోంచే బూత్‌కు ఇద్దరిని పోలింగ్ ఏజెంట్లుగా అనుకొని ఫారాలు, ఈవీఎం సీళ్లు, మాక్ పోల్ (పోలింగ్‌కు ముందు వేసి చూసే ఉత్తుత్తి ఓట్లు) గురించి ముందే నేర్పించండి.

పాలమూరు వైపు ఇంకో పని ఉంది. నారాయణపేట, మక్తల్, కోస్గి ఊళ్ల నుంచి ముంబై, పుణేకు పనికి పోయినవాళ్ల ఓట్లు ఊళ్లోనే ఉంటాయి. వాళ్లకు పోలింగ్ తేదీ తెలిసిన రోజే ఫోన్ చేయాలి, మేస్త్రీకి చేస్తే సరిపోదు, ఒక్కొక్కరికీ చేయాలి. బస్సు పెట్టి తీసుకొస్తామని మాత్రం అనొద్దు. ఓటర్లను ఉచితంగా బండ్లలో పోలింగ్ కేంద్రానికి తరలించడం చట్టం ప్రకారం అవినీతి చర్య, గెలిచినా ఆ ఎన్నిక కోర్టులో కొట్టుకుపోవచ్చు. వాళ్లలో వాళ్లే కలిసి టికెట్లు తీసుకునేలా ముందుగా చెప్పడమే మన పని.

ప్రభుత్వ ఉద్యోగులను, చిన్నపిల్లలను ఏ పనికీ వాడుకోకండి. పోలింగ్ ముగిసే టైమ్‌కు 48 గంటల ముందే మైకు ఆగిపోవాలి. ఓటర్ స్లిప్పులు పంచితే తెల్ల కాగితం మీద పంచండి, దాని మీద అభ్యర్థి పేరు, గుర్తు ఉండకూడదు.

ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు పూర్తి లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరాకుండా చేసే అధికారం ఎన్నికల సంఘానికి ఉంది, ఓడిపోయాం కదా అని వదిలేసినవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ఇచ్చిన లెక్కను అన్ని ఊళ్లకూ సరిపడా జిరాక్స్ తీయించి, చందా అడిగిన ఇద్దరే మళ్లీ అదే ఊరికి తీసుకుపోయి, ఇచ్చినవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి డిపాజిట్ తిరిగొస్తే ఆ పదివేలు ఏం చేయాలో కూడా అక్కడే వాళ్లనే అడగండి.