ఆరో పాఠం: ‘వస్తా’ అనే ఒక్క మాటకి ఇంగ్లీషులో నాలుగు రూపాలు

పోయిన పాఠంలో జరిగిపోయిన పనుల గురించి చెప్పుకున్నాం కదా, ఈసారి జరగబోయేవి. మనవాళ్లు ఎక్కువ తడబడేది ఇక్కడే, అందుకు కారణం మన తెలుగే. ‘రోజూ బీచ్‌కి వెళ్తాను’, ‘రేపు బీచ్‌కి వెళ్తాను’, రెండింటికీ మనకి ‘వెళ్తాను’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఐ గో’ అంటాం. రెండోదానికి ఏం వాడాలో తేలాలంటే ముందు ఒకటి అడగండి: ఈ పని చేద్దామని నేను ఎప్పుడు అనుకున్నాను?

విశాఖలో ఎంవీపీ కాలనీ రైతుబజారులో ఉన్నారనుకోండి. ఇంటి నుంచి ఫోన్, ఆనపకాయ అయిపోయిందట. ‘సరే, తెస్తాలే’ అంటారు. ఆ ‘లే’ ఉంది చూశారా, అలా అప్పటికప్పుడు ఒప్పుకున్న పనికి ఇంగ్లీషులో విల్: ‘ఓకే, ఐ విల్ గెట్ ఎ బాటిల్ గోర్డ్.’ అదే పొద్దున్నే అనుకుని సంచీ పట్టుకుని బయల్దేరాక, ఎక్కడికని పక్కింటి ఆంటీ అడిగితే ‘ఐ యామ్ గోయింగ్ టు బై వెజిటబుల్స్.’ ఇక్కడ ‘ఐ విల్ బై’ అన్నారంటే, ఆవిడ అడిగాకే మీకా ఆలోచన వచ్చినట్టు ఉంటుంది.

కళ్లెదుట గుర్తులు కనబడుతున్నా గోయింగ్ టూయే. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద మబ్బు నల్లగా కమ్మేసింది: ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్.’

అవతలివాళ్లతో మాట్లాడుకుని టైము ఖాయం చేసుకున్నవైతే ‘ఐ యామ్ మీటింగ్ మై కజిన్ ఎట్ జగదాంబ ఎట్ సిక్స్.’ బస్సులు, రైళ్ల వేళలకి మామూలు వర్తమానమే చాలు: ‘అవర్ బస్ లీవ్స్ ఎట్ ఎయిట్ టుమారో.’

చాలామంది నోట వినే పొరపాటు ఇంకోటి ఉంది, ‘వెన్ ద బస్ విల్ కమ్, ఐ విల్ కాల్ యూ.’ మనం ‘బస్సు వచ్చాక ఫోన్ చేస్తా’ అంటాం, ‘వస్తాక’ అనం కదా! ఇంగ్లీషులోనూ అంతే, అక్కడ విల్ పెట్టరు, ‘వెన్ ద బస్ కమ్స్’ అంటారు. (‘వెన్ విల్ ద బస్ కమ్?’ అని అడగడం వేరు, అది సరైనదే.)

బయటికి వెళ్లేటప్పుడు ‘వెళ్తాను’ అనడానికి మనకి మనసొప్పదు, ‘వెళ్ళొస్తాను’ అంటాం. నాకెంతో ఇష్టమైన మాట. కానీ దాన్ని ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని మార్చకండి, ఆ ఆప్యాయత అవతలివాళ్లకి అందదు. ‘ఐ యామ్ ఆఫ్, సీ యూ లేటర్’ అనండి చాలు.

పుస్తకం తీసి ఇవి ఇంగ్లీషులో రాయండి: ‘ఆదివారం ఫిషింగ్ హార్బర్‌లో వంజరం కొందామనుకుంటున్నాను.’ ‘బరువుగా ఉందా, ఆ సంచీ నేను పట్టుకుంటాలే.’ ‘రేపు నాలుగింటికి డాక్టర్ని కలుస్తున్నాం, అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.’ ‘వాన తగ్గాక బయల్దేరతాను.’ వంజరాన్ని సీర్ ఫిష్ అంటారు, చందువాని పాంఫ్రెట్, రొయ్యల్ని ప్రాన్స్. రాశాక టెన్షన్ పడకుండా మూడేసి సార్లు పైకి చదవండి. జవాబులు ఏడో పాఠం మొదట్లో చూద్దాం.