ఒక్క గడపా వదలకుండా పొదుపు సంఘం పెట్టడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పొదుపు సంఘం కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ పోరాటం జిల్లాలు దాటి పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. నెల్లూరు జిల్లాలో పొదుపు ఊపందుకున్నది ఆ వెనకాలే. అయినా చాలా ఊళ్లలో కాలవ గట్టు మీది యానాది గిరిజనుల గుడిసెలు, ఒంటరి ముసలమ్మలు, వలసపోయే కుటుంబాలు ఈనాటికీ సంఘాల బయటే ఉన్నారు. తెలిసినవాళ్లను పదిమందిని పోగేసి సంఘం పెడితే ఎవరికీ తెలియనివాళ్లు మిగిలిపోక ఏమవుతారు? ముందు ఊళ్లో ఇళ్లన్నిటి జాబితా రాయండి, సంఘం సంగతి తర్వాత.

ఎప్పుడు, ఎక్కడ

పశ్చిమ ప్రకాశం నుంచి గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోయే కుటుంబాలు సంక్రాంతి దాటాక ఊళ్లో దొరకవు. ఫిబ్రవరిలో జాబితా రాస్తే తాళం వేసిన ఇల్లు లెక్కలోకి రాదు. అసలు అందరికన్నా ముందు రాయాల్సింది ఆ ఇంటినే. నెల్లూరు మాగాణి ఊళ్లలో అయితే నాట్లు, కోతల రోజులు వదిలిపెట్టండి.

రెండు సాయంత్రాలు పెట్టుకోండి, రాత్రి ఏడు తర్వాత. గుడి మెట్లు, సర్పంచి వసారా వద్దు. అక్కడ కూర్చునే అలవాటు లేనివాళ్లు దూరంగా నిలబడి, కాసేపటికి వెళ్లిపోతారు. కాలనీలో వేపచెట్టు కిందో, అంగన్‌వాడీ ముందో అయితే అందరూ వస్తారు. మైకులో చాటింపు వేసి ఊరుకోకండి, రొయ్యల గుంటల కాపలాకు పోయినవాళ్లకు అది వినపడదు. ముందురోజే ఇంటింటికీ వెళ్లి పిలవాలి.

ముగ్గుతో ఊరు గీయడం

రెండు కిలోల ముగ్గుపిండి, కాస్త ఇటుక పొడి, డబ్బాడు చింతపిక్కలు, నాలుగు చార్టులు, స్కెచ్ పెన్నులు, చీటీలకు కాగితాలు తెచ్చుకోండి. నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గుపిండి ఆడవాళ్ల చేతికివ్వండి. మీరు పట్టుకోవద్దు. ముందు రోడ్డు, చెరువు, బోరు, బడి గీయమనండి, తర్వాత వీధులు. ఒక్కో ఇంటికి ఒక్కో చింతపిక్క. రేషన్ కార్డు లేని ఇంటి పక్కన చిటికెడు ఇటుక పొడి.

ఇక్కడ తప్పకుండా జరిగేది ఒకటుంది. ముగ్గు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇంటి దగ్గర్నుంచే ఊరు మొదలవుతుంది. నడి వీధిలో ఇళ్లన్నీ వరసగా, మొక్కలతో సహా దిగుతాయి. అంచుకు వచ్చేసరికి గీత పలచబడి, "ఆ పక్క ఇంకేం లేదు" అంటారు. ఆ మాట వినగానే ముగ్గు చేయి మార్చండి. గట్టు మీది నుంచి వచ్చిన మనిషికిస్తే గుడిసెలు ఒక్కొక్కటే బయటపడతాయి. అది పూర్తయ్యాక ఇళ్లకు నంబర్లు వేసి, అక్కడికక్కడే చార్టు మీదికి ఎక్కించండి. తెల్లారేదాకా ఆగితే గాలి, కుక్కలు మిగల్చవు. మర్నాడు ఓటర్ల జాబితా, అంగన్‌వాడీ రిజిస్టరు పక్కన పెట్టుకుని సరిచూడండి. కొన్ని ఇళ్లు ఆ రెండింట్లోనూ ఉండవు, చార్టులో మాత్రం ఉంటాయి.

చీటీలు వేరుచేయడం

రెండో సాయంత్రం ఒక్కో ఇంటి పేరుతో మూడేసి చీటీలు రాయండి. ఏది నిరుపేద ఇల్లో ఎట్లా తెలుస్తుందని ముందు ఊరినే అడగండి. పక్కా ఇల్లు గుర్తు కాదు, కాలనీ ఇల్లు ప్రభుత్వం కట్టించింది. కూలికి పోకపోతే ఆ రోజు పొయ్యి వెలగదా, రొయ్యల గుంట యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏడాదంతా ఆ గుంట మీదే కట్టుబడి ఉన్నారా, ఇంట్లో సంపాదించే మగమనిషి లేడా, మంచాన పడ్డ మనిషి ఉన్నారా: గుర్తులు ఇవి.

వచ్చినవాళ్లను మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపుకూ అన్ని ఇళ్ల చీటీలున్న కట్ట ఇవ్వండి. నిరుపేద, పేద, మధ్యతరగతి, ఉన్నవాళ్లు అని నాలుగు కుప్పలు పెట్టాలి. మూడు గుంపులూ ఒప్పుకున్న చీటీ పక్కకు పోతుంది. తేడా వచ్చిన వాటి గురించే మాట్లాడండి, అసలు పని అక్కడే. జాబితాను గ్రామసభలో చదివి, సచివాలయం గోడ మీద ఒకటి, కాలనీలో ఒకటి అంటించి వారం ఆగండి. చదువురాని వాళ్లుంటారు కాబట్టి కాలనీలో ఒకసారి పైకి చదివి వినిపించండి.

సంఘం, డబ్బు

ఒకే వీధివాళ్లు పది, పన్నెండు మంది కలిస్తే బాగుంటుంది. దివ్యాంగుల సంఘానికి ఐదుగురున్నా చాలు. పొదుపు ఎంతో నిర్ణయించేది అందరికన్నా లేనిమనిషి. నెలకు రెండొందలు అని పెడితే మొదట జారిపోయేది ఆమే. వారానికి 20 రూపాయలైతే పదిమందికి ఏడాదికి 10,400 అవుతుంది. దాన్ని పెట్టెలో దాచకుండా సభ్యులకే రూపాయి వడ్డీకి అప్పుగా తిప్పాలి. రెండు వేలు తీసుకున్న మనిషికి నెలకు వడ్డీ 20 రూపాయలే.

ఆధార్ లేదని యానాది కుటుంబాలను పక్కన పెట్టడం మామూలైపోయింది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం సంఘం పొదుపు ఖాతా తెరవడానికి ఆఫీసు బేరర్ల, అంటే లీడర్ల, కేవైసీ (గుర్తింపు, చిరునామా కాగితాలు) చాలు. మిగతావాళ్లది అప్పు ఇచ్చేటప్పుడు చూసుకోవచ్చు. ఆలోపు కార్డు తీయించండి.

వారం వారం సమావేశం, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకాలు. ఈ పంచసూత్రాలు ఆరు నెలలు తప్పకుండా నడిస్తే బ్యాంకు అప్పు అడగవచ్చు. అప్పు వచ్చాక చేసే పెద్ద తప్పు అందరికీ సమానంగా పంచేయడం. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ గేదె కొనాల్సిన మనిషికి చాలదు, అవసరం లేని మనిషి తన వాటా ఎక్కువ వడ్డీకి బయట తిప్పుతుంది. ఎవరికెంత, దేనికి అని ముందే రాసుకుని, అవసరాన్ని బట్టి ఇవ్వండి.

లీడర్లు

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే, చాలాచోట్ల పెత్తనం మాత్రం "సర్పంచి భర్త"ది. సంఘంలో అది రానీయకూడదంటే లీడర్లు రెండేళ్లకోసారి మారాలి. ఇద్దరు లీడర్లలో ఒకరు నిరుపేదల జాబితా నుంచి రావాలి. చదువు లేదన్నది సాకు. పుస్తకాలు రాయడానికి బుక్‌కీపర్ ఉంది, లీడర్ పని వాటిని చదివించుకుని ప్రశ్నించడం.

కూలికి పోయే మనిషి లీడర్‌గా నిలవకపోవడానికి కారణం వేరే ఉంది. మండలంలోని సంఘాలన్నిటినీ కలిపే మండల సమాఖ్య సమావేశానికి పోతే ఆ రోజు కూలి పోతుంది, పైగా ఆటో చార్జీలు. ఆ రెండూ ఊళ్లోని పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం ఇవ్వాలని మొదటి సమావేశంలోనే తీర్మానం రాయండి. లీడర్లు మారిన వారంలోపే తీర్మానం నకలు, ఫొటోలు బ్యాంకులో ఇచ్చి సంతకాలు మార్పించండి. ఆలస్యమైతే కాగితం మీద కొత్త లీడర్, చెక్కు మీద పాత లీడరే.