రిలే పాఠాలు – 4: స్విచ్‌ని తినేసే కాయిల్, అతుక్కుపోయే కాంటాక్టర్

రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే పరికరం, పోయినసారి అందులో పెద్ద కరెంటు వెళ్ళే 30, 87, 87ఎ పిన్నుల దగ్గర ఆపాం కదా, ఇవాళ కాయిల్ కొసలైన 85, 86 సంగతి. కార్లలో వాడే 12 వోల్టుల రిలేనే మనవాళ్ళు సొంతంగా కట్టుకునే విమానాల్లోనూ పెడతారు, దాని కాయిల్ 80, 90 ఓమ్‌లుంటుంది, అంటే తీసుకునేది 150 మిల్లీయాంప్‌ల చుట్టుపక్కల, ఇంతేగా అనుకుంటాం గానీ కాయిల్‌కి కరెంటిచ్చే స్విచ్ ఆపిన క్షణంలో కాయిల్‌లో ఉన్న శక్తికి పోయే దారి లేక వందల వోల్టుల స్పైక్ అయి స్విచ్ లోపలే నిప్పురవ్వ కొడుతుంది. రోజూ కొంచెం కొంచెం. చివరికి స్విచ్ పోతే మనం రిలే మార్చి చూస్తాం!

దీనికి కరెంటుని ఒక్కవైపే పోనిచ్చే డయోడ్ ఒక్కటి చాలు, 1ఎన్4007 లాంటిది, కాయిల్ రెండు కొసలకీ కలపాలి, గీత ఉన్న వైపు ప్లస్‌కి. నేనొకసారి తిరగేసి పెట్టాను, స్విచ్ వేయగానే ఫ్యూజ్ ఎగిరిపోయింది. కాంటాక్టర్ అంటే పెద్ద రిలేనే, బ్యాటరీని మొత్తం వైరింగ్‌కి కలిపే మాస్టర్ కాంటాక్టర్‌కైతే కాళ్ళు లావుగా ఉండే 1ఎన్5400 నయం, వైబ్రేషన్‌కి సన్నకాళ్ళు విరుగుతాయి.

కాంటాక్టర్లు కొనేటప్పుడు జాగ్రత్త, మాస్టర్‌కి వాడేదీ స్టార్టర్‌కి వాడేదీ పైకి కవలపిల్లల్లా ఉంటాయి. మాస్టర్‌ది ఎంతసేపైనా ఆన్‌లో ఉండేలా చేసింది, కాయిల్ ఒక యాంప్ లోపే లాగుతుంది, స్టార్టర్‌ది మూడు నాలుగు యాంప్‌లు లాగుతుంది, కొద్ది సెకన్లకే చేసింది, దాన్ని తెచ్చి మాస్టర్‌గా పెడితే కాయిల్ కాలిపోతుంది.

ఇక అసలు భయం స్టార్టర్ కాంటాక్టర్ అతుక్కుపోవడం. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు స్టార్టర్ లాగుడికి వోల్టేజీ పడిపోయి కాయిల్ పట్టు సడలుతుంది, కాంటాక్టులు టకటకా కొట్టుకుని, ఆ వేడికి వెల్డ్ అయిపోతాయి, బటన్ వదిలేసినా స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ చప్పుడులో మీకు వినబడదు కూడా. అందుకే కాంటాక్టర్ నుంచి స్టార్టర్‌కి వెళ్ళే కొస నుంచే, ఫ్యూజ్ పెట్టి, ప్యానెల్ మీదికి ఒక లైటు లాగండి, బటన్ నుంచి లాగితే ప్రయోజనం లేదు. ఇంజిన్ అందుకున్నాక కూడా లైటు వెలుగుతుంటే మాస్టర్, ఆల్టర్నేటర్ రెండూ ఆపి ఇంజిన్ కట్టేయడమే.

రిలే బాగుందో లేదో చూడ్డానికి మల్టీమీటర్ బీప్‌ని (రెండు కొసలు కలిసున్నాయని మోగేది) నమ్మకండి, అది పంపే కరెంటు చాలా తక్కువ, కాలిన కాంటాక్టు కూడా బీప్‌మంటుంది. లోడ్ నడుస్తుండగా 30కీ 87కీ మధ్య వోల్టులు చూడండి: 20 యాంప్‌ల మీద 0.1 వోల్టు పడితే 2 వాట్ల వేడి, 0.5 పడితే 10 వాట్లు, అప్పటికే సాకెట్ ప్లాస్టిక్ రంగు మారి ఉంటుంది, వాసన కూడా పట్టేయొచ్చు.

ఈలోగా మీ రిలేలన్నిట్లో ఈ రీడింగ్ రాసుకుని ఉంచుకోండి, వచ్చేసారి విమానం ఎగిరే తీరుని సరిదిద్దే ట్రిమ్ మోటర్‌ని రెండు వైపులా తిప్పే రిలే జతలో వాటితో పని ఉంది.