ట్రావెల్ ట్రైలర్ కరెంటు పని – 4వ పాఠం: కన్వర్టర్ నిజంగా పోయిందా?

ట్రావెల్ ట్రైలర్‌ని, అంటే ట్రక్కు వెనక లాక్కెళ్లే ఇల్లులాంటి బండిని, క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపాం, కరెంటు స్తంభానికి ప్లగ్ పెట్టే ఉంది. మైక్రోవేవ్ తిరుగుతోంది, ఏసీ చల్లగా వస్తోంది. కానీ సీలింగు దీపాలు మసకబారాయి, నీళ్ల పంపు మూలుగుతోంది, ఫ్రిజ్ ప్యానెల్ మీద లైటు ఆరిపోయింది. 120 వోల్టుల సామాను బాగానే ఉండి 12 వోల్టుల సామాను నీరసించిందంటే అనుమానం 120 వోల్టుల కరెంటుని 12 వోల్టుల సామానుకి మార్చి ఇచ్చే పెట్టె, అంటే కన్వర్టర్ మీదికే పోతుంది. అనుమానం సబబే. అది చాలు కదా అని కొత్త పెట్టె ఆర్డరు పెట్టేయడమే తొందరపాటు. ఇదే లక్షణం పేలిన ఫ్యూజువల్లా వస్తుంది, తుప్పు పట్టిన గ్రౌండు బోల్టువల్లా వస్తుంది, ఎవరో ఆఫ్ చేసి మరిచిపోయిన బ్యాటరీ స్విచ్‌వల్లా వస్తుంది. కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం మీటరుతోనే. స్క్రూడ్రైవరు పని చివర్లో.

ముందు ఒక పేరు గందరగోళం తీర్చుకుందాం. మన ఊళ్లో ఇంటి ఇన్వర్టర్ రెండు పనులు చేస్తుంది: కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీ నింపుతుంది, పోయినప్పుడు ఆ బ్యాటరీ నుంచి 230 వోల్టులు పుట్టిస్తుంది. ట్రైలర్ కన్వర్టర్ చేసేది అందులో మొదటి పనే. స్తంభం నుంచి వచ్చే 120 వోల్టుల ఏసీని దాదాపు 13.6 వోల్టుల డీసీగా మార్చి, బ్యాటరీని నింపుతూనే దీపాలకీ, పంపుకీ, ఫర్నేస్ (బండి లోపల వెచ్చబరిచే హీటరు) ఫ్యానుకీ, గ్యాస్ డిటెక్టర్‌కీ కరెంటు ఇస్తుంది. దుకాణంలో 'ఇన్వర్టర్' అని అడిగితే ఇంకో వస్తువు చేతికొస్తుంది.

నల్ల వైరు

అమెరికాలో ట్రైలర్ కొన్న తెలుగువాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది. మన పాత ఇళ్ల వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్. అమెరికా 120 వోల్టుల వైరింగులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ లేదా బోసి రాగి తీగ ఎర్త్. కారు బ్యాటరీ దగ్గర నలుపు నెగెటివ్. ట్రైలర్ 12 వోల్టుల వైరింగులో మాత్రం చాలాసార్లు నలుపు పాజిటివ్, తెలుపు నెగెటివ్. అంటే ఒకే బండిలో, ఒకే రంగుకి, పక్కపక్కనే రెండు అర్థాలు.

కారు అలవాటుతో నల్ల వైరుని నెగెటివ్ పోస్టుకి బిగిస్తే టప్‌మని మెరుపు వస్తుంది. ఆ క్షణంలోనే కన్వర్టర్ బోర్డు మీది రివర్స్ పోలారిటీ ఫ్యూజులు పోతాయి. అవి ఉన్నది అందుకే: బ్యాటరీ తిరగబడితే లోపలి డయోడు షార్టు దారి తెరుస్తుంది, ఫ్యూజులు కాలిపోయి కన్వర్టర్‌ని కాపాడతాయి. 'కొత్త బ్యాటరీ వేసిన రోజు నుంచే చార్జింగు లేదు' అనే ఫిర్యాదుకి చాలాసార్లు కారణం ఇదే. రంగుని నమ్మొద్దు. తెల్లటి వైరు ఫ్రేముకి బోల్టు చేసి ఉందా అని కళ్లతో చూసి, మీటరుతో తేల్చుకుని, అప్పుడు బిగించండి.

కొలతలు

డిజిటల్ మల్టీమీటరు చాలు. ట్రక్కుతో కలిపే ఏడు పిన్నుల ప్లగ్ మొదట ఊడదీయండి. ట్రక్కు అందులోంచి 12 వోల్టులు పంపిస్తుంది కాబట్టి మీటరు మనకి అబద్ధం చెబుతుంది. సోలార్ ఉంటే ప్యానెళ్ల వైపు ముందు తెంచి, తర్వాతే కంట్రోలర్ నుంచి బ్యాటరీని విడదీయాలి.

మొదటి కొలత బ్యాటరీ పోస్టుల మీదే. స్తంభం ప్లగ్ తీసేసి, రెండు దీపాలు ఓ ఐదు నిమిషాలు వెలిగించి ఆపి, కాసేపాగి చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 – 12.7 అంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9 అంటే దాదాపు ఖాళీ. ఇప్పుడు ప్లగ్ పెట్టి అదే చోట మళ్లీ చూడండి. 13.2 నుంచి 14.4 మధ్యకి ఎక్కితే కన్వర్టర్ బతికే ఉంది, మీ సమస్య బ్యాటరీది కావచ్చు. ప్లగ్ పెట్టినా 12.3 దగ్గరే నిలబడి, అరగంటకి 12.2కి జారితే చార్జింగు అందడం లేదు.

రెండో కొలత కన్వర్టర్ దగ్గర. బ్యాటరీ నెగెటివ్ కేబులు ముందు ఊడదీయండి. ఇది దాటేస్తే పరీక్షంతా వృథా, ఎందుకంటే బ్యాటరీ వోల్టేజి వెనక్కి పాకి ఫ్యూజు బోర్డు మీద 12 చూపిస్తుంది, చచ్చిన కన్వర్టర్ కూడా బతికున్నట్టు కనబడుతుంది. బ్యాటరీ లేకుండా ప్లగ్ పెట్టి, ఫ్యూజు బోర్డు పాజిటివ్, నెగెటివ్ లగ్గుల (వైర్లు బిగించే లోహపు కొసల) మధ్య చూడండి. 13.6 చుట్టూ వస్తే పెట్టె బాగుంది, లోపం బ్యాటరీకి పోయే వైరు దారిలో ఉంది. సున్నా వస్తే తొందరపడకుండా మూడో కొలతకి రండి.

మూడోది రివర్స్ ఫ్యూజులు. బోర్డు మీద సాధారణంగా ఒక పక్కగా, పక్కపక్కనే రెండు ఉంటాయి, మోడల్‌ని బట్టి 30 లేదా 40 ఆంపులు. వెలుతురుకి పట్టి చూస్తే లోపలి లోహపు వంపు తెగి కనబడవచ్చు. వెంట్రుకంత పగులైతే కంటికి ఆనదు. బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, వాటి మీద ప్రోబులు (మీటరు ముళ్లు) పెట్టడానికే. కరెంటంతా తీసేసి, ఫ్యూజు పీకి, ఆ రెండు చుక్కల మధ్య మీటరు బీప్ వస్తుందేమో వినండి, రాకపోతే ఫ్యూజు పోయినట్టే. పోయినచోట అదే ఆంపుల ఫ్యూజే పెట్టాలి. 30 దొరక్క 50 పెడితే ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

నాలుగోది లోపలికి వచ్చే 120. కన్వర్టర్‌కి సాధారణంగా 15 ఆంపుల బ్రేకరు ఉంటుంది, ఒక్కోసారి సాకెట్లతో కలిపి. దాన్ని పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ట్రిప్ అయిన బ్రేకరు మధ్యలో ఆగి ఆన్‌లో ఉన్నట్టే కనబడుతుంది. విడి పెట్టెగా ఉండే డెక్ మౌంట్ రకం మామూలు సాకెట్‌లోకి ప్లగ్ అవుతుంది, ఆ సాకెట్ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే సరఫరా తెంచేసే రక్షణ సాకెట్) వెనక ఉంటే రీసెట్ బటను నొక్కడంతోనే పని అయిపోవచ్చు. బ్రేకరు స్క్రూకీ న్యూట్రల్ బార్‌కీ మధ్య 120 దగ్గర ఉండాలి. 105 కంటే తక్కువైతే స్తంభమో, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరో దోషి. ఈ కొలత 120 వోల్టుల కరెంటు ఉండగా మూత తీసి చేసేది. అలవాటు లేకపోతే ఆర్‌వీ (ఇలాంటి బండ్ల) మెకానిక్కి వదిలేయండి.

120 లోపలికి వస్తోంది, ఫ్యూజులు బాగున్నాయి, బ్యాటరీ తెంచి చూస్తే బయటికి సున్నా. ఈ మూడూ కుదిరితేనే కన్వర్టర్ పోయిందని తీర్పు. ఫ్యాను తిరగడం లేదని మాత్రం తీర్పు చెప్పొద్దు, లోడో వేడో పెరిగితేనే తిరిగే ఫ్యాన్లు చాలా ఉన్నాయి.

పెట్టె దగ్గర 13.6 ఉండి బ్యాటరీ దగ్గర 12.3 ఉంటే ట్రైలర్ ముక్కు వైపు నడవండి. బ్యాటరీ పక్కన ఫ్రేముకి బిగించిన చిన్న ఆటో రీసెట్ బ్రేకరు (ట్రిప్ అయ్యాక తనంతట తనే కలిసేది) ఉంటుంది, రెండు స్టడ్డులతో (వైర్లు బిగించే మరలతో), వానకీ దుమ్ముకీ తుప్పు పట్టి. రెండు స్టడ్డుల మధ్య ప్రోబులు పెడితే చార్జింగు నడుస్తున్నప్పుడు దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనబడితే మార్చేయండి. తర్వాత బ్యాటరీ స్విచ్, ఆ తర్వాత ఫ్రేముకి బిగించిన తెల్ల వైరు లగ్గు.

మార్చడం

పాత పెట్టె మీది మోడల్ నంబరు చూసి కొనండి. డబ్ల్యూఎఫ్‌సీఓ కంపెనీ 8955 లాంటి పవర్ సెంటర్లలో బ్రేకర్లు, ఫ్యూజులు, కన్వర్టర్ అన్నీ ఒకే చట్రంలో ఉంటాయి, మనం మార్చేది కింది భాగం మాత్రమే. దాని స్థానంలో కూర్చునేలా ప్రోగ్రెసివ్ డైనమిక్స్ కంపెనీ పీడీ 4655 దొరుకుతుంది. కొన్ని కిట్లలో కొత్త ఫ్యూజు బోర్డు కూడా వస్తుంది, అప్పుడు ఒక్కో వైరుని పాత ఆంపుల స్థానంలోకే మార్చాలి. 55 ఆంపుల పెట్టె 13.6 వోల్టుల దగ్గర దాదాపు 750 వాట్లు ఇస్తుంది. అంతకంటే పెద్దది పెడితే వెనకున్న వైరు సరిపోదు. 55 – 60 ఆంపులకి 6 గేజి రాగి వైరు కావాలి (గేజి అంటే వైరు మందం అంకె, అంకె తగ్గితే వైరు లావు). కన్వర్టర్ నుంచి బ్యాటరీకి 20 అడుగుల దూరం ఉందనుకోండి, రానూపోనూ 40 అడుగులు. 8 గేజిలో 40 ఆంపులు నడిస్తే ఒక వోల్టు దారిలోనే పోతుంది, 6 గేజిలో 0.6 పోతుంది. బ్యాటరీ నింపడం నత్తనడకైందని పెట్టెని తిట్టేముందు ఈ లెక్క వేయండి.

లిథియం బ్యాటరీకి మారే ఆలోచన ఉంటే లిథియం మోడ్ ఉన్న రకమే ఇప్పుడే కొనండి.

పని మొదలుపెట్టేముందు స్తంభం ప్లగ్ తీసేసి, ట్రక్కు, సోలార్, బ్యాటరీ అన్నీ విడదీయండి. జనరేటరు ఉంటే ఆపండి. గ్యాస్ డిటెక్టర్ 12 వోల్టుల మీదే నడుస్తుంది కాబట్టి ప్రొపేన్ సిలిండర్ వాల్వు కూడా మూసేయండి. కెపాసిటర్లు ఖాళీ అవడానికి కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

మూత తీశాక ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫొటోలు. ప్రతి వైరుకీ మాస్కింగ్ టేపు చుట్టి ఎక్కడిదో పెన్నుతో రాయండి. ఇప్పుడు స్క్రూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని దగ్గరగా చూడండి. గోధుమరంగుకి తిరిగి, వైరు తొడుగు గట్టిపడి ఉంటే అక్కడ లగ్గు వదులై చాలాకాలం వేడెక్కింది. మాడిన కొసను కత్తిరించి కొత్త రాగి బయటికి తీయాలి. అలాగే బిగిస్తే కొత్త పెట్టెకీ అదే గతి.

ఏసీ వైపు నల్లవైరు బ్రేకరుకి, తెలుపు న్యూట్రల్ బార్‌కి, ఆకుపచ్చ గ్రౌండు బార్‌కి. డీసీ వైపు పాజిటివ్, నెగెటివ్ కొత్త పెట్టె మీది గుర్తులు చూసి పెట్టండి, పాత రంగులు చూసి కాదు. లేబుల్ మీదున్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, ఒక్కో వైరునీ పట్టి లాగి చూడండి. చుట్టూ గాలి ఆడేలా ఖాళీ వదలండి. దుప్పట్లూ చెప్పులూ కుక్కే అలమర ఇదే అవుతుంటే అడ్డంగా ఒక చెక్క పలక కొట్టండి.

బ్యాటరీ కలపకుండానే, డీసీ ఫ్యూజులన్నీ పీకి, స్తంభం ప్లగ్ పెట్టండి. లగ్గుల మీద 13.6 దగ్గర, ప్లస్ గుర్తుతో రావాలి. మైనస్ వస్తే ప్రోబులు తిరగబడ్డాయో, వైర్లు తిరగబడ్డాయో ముందు తేల్చుకోండి. సరిగ్గా వస్తే ప్లగ్ తీసి, ఫ్యూజులు పెట్టి, బ్యాటరీ పాజిటివ్ ముందు, నెగెటివ్ తర్వాత కలపండి. చిన్న మెరుపు మామూలే. మళ్లీ ప్లగ్ పెట్టి దీపాలు, పంపు, ఫర్నేస్ ఫ్యాను అన్నీ ఒకేసారి వేసినా 13 కిందికి పోకూడదు. ఆకలిగా ఉన్న బ్యాటరీ దగ్గర మాత్రం మొదటి గంట ఈ అంకె తక్కువే చూపిస్తుంది, అది తప్పు కాదు.

రోడ్డెక్కేముందు బ్యాటరీ కేబుళ్లు ఇంకోసారి చూడండి. ట్రైలర్ ఊడిపోతే బ్రేకులు వేసే బ్రేక్‌అవే స్విచ్ నడిచేది ఈ బ్యాటరీ మీదే.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సింది: రాత్రంతా ప్లగ్ పెట్టి ఉంచి పొద్దున బ్యాటరీ పోస్టుల మీద ఒకటి, ఫ్యూజు బోర్డు మీద ఒకటి, వెంటవెంటనే రెండు అంకెలు రాసుకోండి. ఆ రెండింటి తేడాతోనే 5వ పాఠంలో బ్యాటరీ కేబుళ్ల గేజి లెక్క మొదలవుతుంది.