కారు తాళంచెవి పోయినప్పుడు

నెల్లూరు రొట్టెల పండుగ రద్దీలోనో, మైపాడు తీరపు ఇసుకలోనో కారు తాళంచెవి జారిపోతే, ముందుగా ఇంట్లోని రెండో చెవిని, కారు కొన్నప్పుడు ఇచ్చిన కీ నంబరు బిళ్లను వెతికి పెట్టుకోవాలి.

ఇప్పటి కార్లలో చెవి పళ్లు సరిపోయినంత మాత్రాన ఇంజను నడవదు. చెవి తలలో బ్యాటరీతో పనిలేని చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే అది శక్తిని పొంది సంకేతం పంపుతుంది, దానిని ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునేందుకు కారులో ఉండే ఎలక్ట్రానిక్ పరికరం) గుర్తిస్తేనే ఇంజనుకు అనుమతి లభిస్తుంది. కాబట్టి బజారులో చెవిని మాత్రమే కోయించుకుంటే తలుపు తెరుచుకోవచ్చు గాని బండి కదలదు.

పోలీసు ఫిర్యాదు నకలు, ఆర్‌సీ, గుర్తింపు కార్డు తీసుకుని నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న అధీకృత డీలరు వద్ద కొత్త చెవిని కోయించి, దాని చిప్‌ను కారులో నమోదు చేయించాలి. చాలామంది ఇంతటితో ఆగిపోతారు. నా దృష్టిలో అసలు పని ఆ తరువాతిదే. పోయిన చెవి సంకేతాన్ని కారు మెమరీ నుంచి తొలగించమని స్పష్టంగా అడగాలి, అప్పుడు మిగిలిన చెవులను మళ్లీ నమోదు చేయవలసి రావచ్చు కనుక వాటన్నిటినీ వెంట తీసుకువెళ్లాలి. సంకేతం తొలగించినా ఆ చెవి తలుపును తెరవగలదు. అందువల్ల చిరునామా ఉన్న పర్సుతో కలిసి పోయినట్లయితే తాళాలనే మార్పించడం మేలు. బీమాలో తాళంచెవి మార్పిడికి అదనపు రక్షణ తీసుకుని ఉంటే, ఖర్చు పెట్టకముందే కంపెనీకి తెలియజేయాలి.